అత్తాకోడళ్లు ఒకే చాప మీద మోకాళ్లూనాలంటే ఏం చెయ్యాలి

నా పెళ్లయిన కొత్తల్లో మా అత్తగారింట్లో రోజూ రాత్రి ఎనిమిదింటికి కుటుంబ ప్రార్థన ఉండేది. చాప పరిచి అందరం కూర్చుని ఒక పాట పాడి ఒక అధ్యాయం చదివి వరసగా ఒక్కొక్కరం ప్రార్థన చేసేవాళ్లం, కిటికీలోంచి చూసినవాళ్లు ఎంత భక్తిగల కుటుంబమో అనుకునేవాళ్లు. కానీ మా అత్తయ్యా నేనూ పోట్లాడుకునేది సరిగ్గా అక్కడే. అత్తయ్య కళ్లు మూసుకుని "ప్రభువా, ఈ ఇంట్లో కొందరికి తగ్గింపు మనసు దయచెయ్యి తండ్రీ" అనేవారు, ఆ కొందరెవరో చాప మీదున్న అందరికీ తెలుసు. నా వంతు వచ్చేసరికి నేను "పెద్దవాళ్లకి చిన్నవాళ్ల కష్టం అర్థం చేసుకునే మనసివ్వు ప్రభువా" అనేదాన్ని. ఆమేన్ అనేసి లేచి ఎవరి కంచం వాళ్లం పట్టుకుని వెళ్లిపోయేవాళ్లం.

మా పాస్టరమ్మగారు ఒకరోజు మా ఇంటికొచ్చి మాతో పాటు ప్రార్థనలో కూర్చున్నారు. వెళ్లేటప్పుడు గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని "మీరిద్దరూ దేవుడితో మాట్లాడట్లేదమ్మా, దేవుణ్ణి అడ్డం పెట్టుకుని ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకుంటున్నారు" అన్నారు. ఆ మాట నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. ఇది జరిగి ఇరవై ఏళ్లు దాటింది, ఇప్పుడు నాకే కోడలొచ్చింది. ఈ మధ్య మా స్త్రీల కూటంలో పెళ్లీడు పిల్లలున్న అమ్మలూ కొత్త కోడళ్లూ అడుగుతుంటే నాకు తెలిసింది చెప్తూ వచ్చా, అదే ఇక్కడ రాస్తున్నా. మేం క్రైస్తవులం కాబట్టి మా ఇంటి పద్ధతిలోనే చెప్తా.

ముందు ప్రార్థనని బాగుచేసుకోండి

మాట తీరు మార్చుకోవడం, వంటింట్లో పని పంచుకోవడం ఇవన్నీ తర్వాత. ముందు ప్రార్థనలో దెప్పిపొడవడం ఆపాలి. ఎదుటి మనిషి వింటుండగా ఆ మనిషి తప్పు దేవుడికి చెప్పొద్దు, అంతే, ఇది ఇద్దరూ ఒప్పుకుని పెట్టుకోవాల్సిన నియమం. గట్టిగా చేసే ప్రార్థనలో ఎదుటి మనిషి గురించి అయితే కృతజ్ఞత చెప్పండి, లేదా ఆమె అవసరం చెప్పండి. "మా అత్తయ్య మోకాళ్ల నొప్పి తగ్గించు", "మా కోడలికి రేపు ఆఫీసులో మీటింగ్ ఉంది, తోడుండు". కోపం, బాధ, ఫిర్యాదు ఉంటాయి, లేవని నేననను, వాటిని గది తలుపు వేసుకుని రహస్యమందున్న తండ్రికి చెప్పుకోమని మత్తయి 6లో ప్రభువే చెప్పాడు కదా, అక్కడ ఏడవండి, అక్కడ ఎంతైనా చెప్పుకోండి.

వాక్యం విషయంలోనూ ఇంతే. అత్తయ్యలు కోడలి మీదికి విసిరే వచనం ఒకటుంటుంది, "లోబడియుండుడి" అని. ఎఫెసీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయం 22వ వచనం అది, భార్యకీ భర్తకీ సంబంధించింది, అందులో అత్త ఊసే లేదు, పైగా దాని ముందు వచనమే 21, "ఒకనికొకడు లోబడియుండుడి" అని అందరికీ కలిపి చెప్తుంది. కోడళ్లు విసిరే వచనం ఆదికాండము 2:24, పురుషుడు తండ్రినీ తల్లినీ విడిచి భార్యని హత్తుకుంటాడు అని. ఆ వచనం నిజమే, కానీ దాన్ని అన్నం వడ్డిస్తూ అత్త మొహం మీద చదివితే అది వాక్యం కాదు రాయి. నేను విసిరాను కాబట్టి చెప్తున్నా. ఆ రోజు మా అత్తయ్య అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయారు, నేను గెలిచాననుకున్నా, ఆ గెలుపుతో నాకు ఒక పూట కూడా మనశ్శాంతి దొరకలేదు.

కాబట్టి ఎవరు చదివిన వాక్యం వాళ్లకే. ఇంకా వీలైతే ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని నెల రోజులు, రోజుకొక్క లైను చొప్పున, అత్తయ్య దగ్గర ఈరోజు చూసిన మంచి ఒకటి రాసుకోండి, అత్తగార్లు కోడలి గురించి రాసుకోండి. మొదటి వారం నాకు రాయడానికి ఏం దొరకలేదు, "పాలు పొంగకుండా చూశారు" అని రాసుకున్నా. నెలాఖరుకి పేజీ సరిపోలేదు. ఆవిడ మారలేదు, నేను చూడ్డం నేర్చుకున్నా.

రూతు గ్రంథం, వారానికి ఒక అధ్యాయం

అత్తాకోడళ్ల ప్రేమ అనగానే అందరూ రూతు పేరు ఎత్తుతారు, పెళ్లిళ్లలో ప్రసంగాలూ దాని మీదే, కానీ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మొత్తం చదివిన ఇళ్లు తక్కువ. నాలుగంటే నాలుగు అధ్యాయాలు, 85 వచనాలు, వారానికి ఒకటి చొప్పున ఒక నెల పడుతుంది. కోడలు చదవాలి, అత్త వినాలి, లేదా ఒక వచనం ఒకరు. అత్తయ్యకి అక్షరాలు ఆనకపోతే పెద్దక్షరాల బైబిల్ కొనండి, లేదంటే ఫోన్‌లో ఆడియో పెట్టండి. చదువు రాని అత్తయ్యలుంటారు, వాళ్లకి కీర్తనలు చరణాలతో సహా నోటికొచ్చు, మనకేమో పల్లవి దాటితే పుస్తకం కావాలి, అలాంటి అత్తయ్య దగ్గర పాటలు నేర్చుకోండి, ఆవిడ నేర్పుతారు మీరు చదువుతారు, ఎవరూ తక్కువ కాదు.

మొదటి అధ్యాయంలో అందరం రూతు తన అత్తతో అన్న "నీ జనమే నా జనము, నీ దేవుడే నా దేవుడు" దగ్గర ఆగిపోతాం. నేను ఇంకొంచెం కిందికి వెళ్లమంటా. బేత్లెహేములో కరువొస్తే రూతు అత్త నయోమి తన భర్తతో ఇద్దరు కొడుకులతో మోయాబుకి వలసపోయింది, అక్కడ భర్త పోయాడు, దాదాపు పదేళ్లున్నాక ఇద్దరు కొడుకులూ పోయారు. తిరిగి ఊరికొచ్చినప్పుడు ఆడవాళ్లు గుర్తుపట్టి పలకరిస్తే నన్ను నయోమి అనొద్దు మారా అనండి అంది, మారా అంటే చేదు. నేను నిండుగా వెళ్లాను, దేవుడు నన్ను వట్టి చేతులతో తెచ్చాడు అంది. ఆ మాట అనేటప్పుడు రూతు పక్కనే ఉంది! అందర్నీ వదులుకుని ఆవిడ వెనకే అంత దూరం నడిచొచ్చిన పిల్ల పక్కన నిలబడి ఉండగా నాకేమీ మిగల్లేదు అంటే ఏ కోడలికైనా ఎంత గుచ్చుకుంటుంది. రూతు ఒక్క మాట తిరిగి అన్నట్టు అక్కడ రాయలేదు. ఆ చేదు తన మీద కాదని, పోయిన ముగ్గురి కోసమని ఆ పిల్లకి తెలుసు.

ఇక్కడ పుస్తకం మూసి కోడలు అత్తయ్యని ఒక ప్రశ్న అడగాలి, "అత్తయ్యా, మీరు ఈ ఇంటికొచ్చిన కొత్తల్లో ఎలా ఉండేది?" అని. నేనడిగిన రోజు మా అత్తయ్య రెండు గంటలు మాట్లాడారు. పదహారేళ్లకి పెళ్లట, పొద్దున్నే నాలుగింటికి లేచి పదిమందికి వంటట, మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదట, మూడో రోజే లేచి పొయ్యి ముట్టించమన్నారట. ఆ మాట మా ఆయనకి కూడా తెలీదు. నేను ఆరున్నరకి నిద్రలేస్తే ఆవిడకి ఎందుకంత కోపమొచ్చేదో నాకు ఆ రోజు అర్థమైంది. కోపం న్యాయమని కాదు, ఎక్కణ్ణుంచి వస్తుందో తెలిసింది, తెలిశాక భయం పోయింది.

రెండో అధ్యాయం నాకు అన్నిటికన్నా ఇష్టం. రూతు పొలంలో పరిగె, అంటే కోతల్లో రాలిన వెన్నులు, ఏరుకోడానికి వెళ్తుంది, మన పల్లెల్లో వరికోతలప్పుడు పరిగె ఏరేవాళ్లని చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు, వంగి వంగి నడుం విరిగిపోతుంది. మధ్యాహ్నం ఆ పొలం యజమాని బోయజు పేలాలు పెడితే తిని తృప్తిపడి మిగిలినవి ఉంచుకుంది. సాయంత్రం ఏరిన యవలు దుళ్లగొట్టి ఎత్తుకుని ఇంటికొచ్చి, మధ్యాహ్నం మిగిల్చిన ఆ పేలాలు తీసి అత్త చేతిలో పెట్టింది. ఎంత చిన్న పని! ఎక్కడ తింటున్నా ఇంట్లో ఉన్న మనిషి గుర్తుకురావడం అది. కోడళ్లూ, ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజు కేకు ముక్క ఇస్తే టిష్యూలో చుట్టి తీసుకురండి, ఆవిడకి షుగర్ ఉంటే బత్తాయిలు తీసుకురండి, ఖరీదు చూడరు.

ఇక నయోమి ఏం చేసిందో అత్తయ్యలు చూడాలి. ఎందుకింత ఆలస్యం అనలేదు, ఇంతేనా తెచ్చింది అనలేదు. ఈరోజు ఎక్కడ ఏరుకున్నావు, ఎక్కడ పనిచేశావు అని అడిగింది, అడిగి నిన్ను లక్ష్యపెట్టినవాడు దీవించబడాలి అంది. నేను అత్తనయ్యాక ఇది పట్టుకున్నా. మా కోడలు సాయంత్రం ఏడున్నరకి స్కూటీ దిగి హెల్మెట్ తీస్తుంటే మొదటి మాటగా కూర సంగతి గానీ బట్టల సంగతి గానీ ఎత్తను, మంచినీళ్లిచ్చి "ఎలా గడిచిందమ్మా ఈరోజు" అంటా. మొదట్లో "బాగానే ఉందత్తయ్యా" అని లోపలికి పోయేది. ఇప్పుడు వాళ్ల మేనేజర్ దగ్గర్నుంచి క్యాంటీన్ సాంబార్ దాకా అన్నీ చెప్తుంది.

మూడో అధ్యాయం మొదటి వచనం అత్తయ్యల కోసమే. నా కుమారీ, నీకు మేలు కలిగేలా నీ స్థిరమైన బతుకు గురించి నేను ఆలోచించాలి కదా అంటుంది నయోమి. కొడుకు పోయిన తర్వాత కూడా కోడలి బతుకు తన బాధ్యత అనుకుంది. మన ఇళ్లలో దాన్ని ఎలా చెయ్యొచ్చంటే కోడలు పోటీ పరీక్షలకి చదువుతుంటే ఆ నాలుగు నెలలు వంట నేను చూసుకుంటా అనడం, పుట్టింటికి ఎన్ని రోజులు వెళ్తావు అని కాకుండా ఎన్ని రోజులుండాలనుంది అని అడగడం. కోడలి తల్లి గురించి కూడా ఒక మాట చెప్తా. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో జ్వరంతో పడుకున్నది యేసు శిష్యుడు పేతురు అత్త, అంటే భార్య తల్లి, ఆమె ఉన్నది పేతురు ఇంట్లో. కోడలి తల్లి వచ్చి పది రోజులుంటే మొహం చిట్లించుకునే ఇళ్లలో ఈ వచనం చదవాలి, ఎదుటివాళ్లకి కాదు, మనకి మనమే.

నాలుగో అధ్యాయంలో రూతుకి బోయజుతో పెళ్లయి పిల్లాడు పుడతాడు, నయోమి వాణ్ణి కౌగిట పెట్టుకుని దాదిగా పెంచుతుంది, ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఓబేదు అని పేరు పెడతారు. ఏడుగురు కొడుకులకన్నా నీ కోడలు నీకెక్కువ అని నయోమితో అన్నది కూడా ఆ ఊరి ఆడవాళ్లే. ఊళ్లో వాళ్లు అంత మాట అన్నారంటే నయోమి బావి దగ్గర కోడలి గురించి చెడ్డగా చెప్పి ఉండదని నేననుకుంటా. గుళ్లో, అంటే చర్చిలో, పక్క బెంచీలో కూర్చున్నావిడతో మన కోడలి గురించి ఏం చెప్తున్నామో అదే ఊళ్లో తిరిగి మళ్లీ కోడలి చెవిన పడుతుంది.

పిల్లాడి దగ్గర గొడవలు మాత్రం గట్టిగానే వస్తాయి, తేనె నాకించడం, ఉగ్గు పెట్టడం, కాటుక పెట్టడం. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దనీ ఏడాది లోపు తేనె పెట్టకూడదనీ డాక్టర్లు చెప్తారు. ఈ మాట కోడలు చెప్తే అత్తకి ఎదురుచెప్పినట్టు ఉంటుంది, అందుకే టీకాకి వెళ్లేటప్పుడు అత్తయ్యని కూడా తీసుకెళ్లండి, నర్సమ్మే చెప్తుంది. స్నానం, నలుగు, జోలపాట, రాత్రి ప్రార్థన నేర్పడం ఇవి అత్తయ్యకి వదిలెయ్యండి. మా పిల్లలకి ప్రభువు నేర్పిన ప్రార్థన వచ్చింది వాళ్ల నానమ్మ ఒళ్లోనే.

ఒంటరిగా, పొద్దుగుంకే లోపు

తప్పు జరిగితే ఏం చెయ్యాలో మత్తయి 18:15-17లో వరస ఉంది. నీ సహోదరుడు తప్పు చేస్తే ముందు నువ్వూ అతనూ ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పు, వినకపోతే అప్పుడు ఒకరిద్దర్ని తీసుకెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. మనం తలకిందులుగా చేస్తాం. ముందు పుట్టింటికి ఫోను, తర్వాత ఆడపడుచుకి, తర్వాత ప్రార్థన విన్నపం అనే పేరుతో వాట్సాప్ గ్రూపులో సంఘం మొత్తానికి, చివరికెప్పుడో ఆ మనిషికి, ఒక్కోసారి ఆ మనిషికి తప్ప అందరికీ తెలుస్తుంది.

కాబట్టి ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పండి. టైము కూడా ముఖ్యం, పొయ్యి మీద కూర ఉన్నప్పుడు వద్దు, అల్లుడో చుట్టాలో ఉన్నప్పుడు వద్దు. మాకు కుదిరింది చిక్కుడుకాయలు వలిచే టైము, చేతులకి పని ఉంటుంది, ఒకరి కళ్లలోకి ఒకరు చూడక్కర్లేదు, మాట మెత్తగా వస్తుంది. "మీరెప్పుడూ ఇంతే" అని మొదలుపెట్టొద్దు, జరిగిన ఒక్క సంగతే చెప్పండి, "నిన్న పిన్ని ముందు నా వంట గురించి అన్నారు కదత్తయ్యా, నాకు బాధేసింది" అని, చెప్పి ఆగండి. ఆవిడ సమాధానం ఇవ్వకపోయినా పర్వాలేదు, ఆవిడ విన్నారు.

పొద్దుగుంకే లోపు కోపం విడిచిపెట్టమన్నాడు ఆ ఎఫెసీయుల పత్రిక రాసిన పౌలు. అన్నిసార్లూ కుదరదు, మాట్లాడేంత శాంతం రాకపోవచ్చు, అలాంటప్పుడు మేం కనీసం "కాఫీ తాగుతారా అత్తయ్యా", "ఇవ్వమ్మాయ్" అన్నంత మాటయినా లేకుండా రాత్రి దాటనివ్వకూడదు అనుకున్నాం. క్షమించమని అడగడం అత్తగార్లకి మరీ కష్టం, పెద్దరికం అడ్డొస్తుంది. మా అత్తయ్య ఒక్కసారి కూడా నన్ను క్షమించమని నోటితో అనలేదు, నాకిష్టమని గోంగూర పచ్చడి నూరి నా కంచంలో వేసేవారు, దాన్ని క్షమాపణగా తీసుకోవడం నేను నేర్చుకున్నా. అత్తనయ్యాక నేను మాత్రం నోటితోనే అడుగుతున్నా, తప్పయిందమ్మా అంటే మనం చిన్నవాళ్లం అయిపోం.

మగవాళ్లని రాయబారం పంపొద్దు. అబ్బాయి ఇద్దరి మధ్యా మాటలు మోస్తే ఆ మాటలు దారిలో పెరుగుతాయి. మా ఆయన ఒక పద్ధతి పెట్టారు, నేను అత్తయ్య గురించి చెప్పినా అత్తయ్య నా గురించి చెప్పినా "తనకి చెప్పావా?" అని ఒక్కటే అడిగేవారు. చెప్పలేదు అంటే ముందు చెప్పి రమ్మనేవారు.

ఆదివారం పొద్దున

గుడికెళ్లే రోజే ఇంట్లో గొడవ ఎక్కువ, మీ ఇంట్లో కూడా అంతే అయ్యుంటుంది. పదింటికి ఆరాధన, ఇటు చికెన్, అటు పిల్లల స్నానాలు, ఇస్త్రీ, సండే స్కూల్ కంఠతవాక్యం. కోడలు ఒక్కతే అన్నీ చేసి గుళ్లో రెండో పాటకి చెమటతో వచ్చి కూర్చుంటే ఆ ఆరాధన ఏమవుతుంది. శనివారం సాయంత్రమే అల్లం వెల్లుల్లి నూరి పెట్టుకోండి, బట్టలు ఇస్త్రీ చేసి పెట్టుకోండి, ఆదివారం టిఫిన్ ఉప్మా తప్ప వేరేది వద్దు, కూర గుడి నుంచి వచ్చాక ఇద్దరూ కలిసి చేసుకోండి, ఒంటిగంటన్నరకి తిన్నా ఎవరికీ ఏం కాదు. గుళ్లో ఇద్దరూ ఒకే బెంచీలో కూర్చోండి.

సంఘాలు వేరైతే, మతాలే వేరైతే

నాది ఒంగోలు వైపు, పుట్టుకతో బాప్టిస్టుల ఇల్లు, 1878 జూలైలో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి కాలంలో గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు కదా, ఆ రోజు నీళ్లలోకి దిగినవాళ్లలో మా ముత్తాతల తండ్రి ఉన్నాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. మా అత్తగారిది గుంటూరు, 1842లో ఫాదర్ హయ్యర్ వచ్చి మొదలుపెట్టిన లూథరన్ మిషన్ సంఘం. మాకు పెద్దయ్యాక ఒప్పుకుని నీళ్లలో మునగాలి, వాళ్లకి చంటిబిడ్డకే బాప్తిస్మం ఇస్తారు. మా పెద్దాడు పుట్టినప్పుడు ఇది ఎంత పెద్ద గొడవైందో చెప్పలేను, రెండు నెలలు ఇద్దరం మాట్లాడుకోలేదు. అలాగే నగల విషయం ఉంటుంది, పెంతెకోస్తు ఇంటి నుంచి వచ్చిన పిల్ల గాజులు కూడా వేసుకోదు, ఇటు అత్తగారేమో పెళ్లికి గొలుసు చేయించి పెట్టుకుని ఎదురుచూస్తుంటారు.

ఇలాంటి చోట వాదన వద్దు, వాళ్ల నమ్మకం వెనకున్న కారణాన్ని వాళ్ల నోటితోనే వినండి. అత్తయ్యని అడిగితే "బిడ్డ ఏం చెయ్యకముందే దేవుడు ప్రేమించాడు కదమ్మా, అందుకే చిన్నప్పుడే" అన్నారు. మా అమ్మని అత్తయ్య అడిగితే "మన నోటితో మనం ఒప్పుకోవాలి కదండీ వదినగారూ" అంది. రెండిట్లోనూ దేవుడి మీద ప్రేమే కనపడింది ఇద్దరికీ. చివరికి వాడికి గుంటూరులో బాప్తిస్మం ఇప్పించాం, నేను ఏడ్చాను, నిజం, కానీ ఆ తర్వాతి నెలలో అత్తయ్యే వాణ్ణి ఎత్తుకుని నాతో ఒంగోలు బస్సెక్కారు, మా అమ్మ వాళ్ల గుళ్లో ప్రార్థన చేయించడానికి. ఆ బస్సు ప్రయాణం నేను మర్చిపోలేను.

హిందూ కుటుంబం నుంచి కోడలొస్తే, లేదా మన పిల్ల హిందూ ఇంటికెళ్తే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. రూతుని ఉదాహరణ చూపించి మా దేవుణ్ణి ఒప్పుకో అని ఒత్తిడి చేసేవాళ్లని చూశా. ఆ అధ్యాయం మళ్లీ చదవండి. నయోమి నా దేవుడి దగ్గరికి రా అనలేదు, మీ అమ్మ ఇంటికి తిరిగి వెళ్లండి అని మళ్లీ మళ్లీ చెప్పింది, ముద్దు పెట్టుకుని దీవించింది, వెళ్లిపోయిన ఇంకో కోడలు ఓర్పాని ఒక్క మాట అనలేదు. రూతు తనంతట తను అన్న మాట అది, అత్త దగ్గర చూసిన ప్రేమ వల్ల అన్న మాట. మా పెద్దమ్మగారి కోడలు ఇప్పటికీ శ్రావణ శుక్రవారం తన పూజ తను చేసుకుంటుంది, పెద్దమ్మ తన ప్రార్థన తను చేసుకుంటుంది, భోజనాల ముందు ఇద్దరూ ఒక నిమిషం తలవంచుతారు, ఆ ఇంట్లో ఉన్న శాంతి చాలా క్రైస్తవ ఇళ్లలో నేను చూడలేదు.

ఏడాదిలో రెండు రోజులు

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త సంవత్సరం వాగ్దానపు కార్డులిస్తారు కదా. మేం అవి ఇంటికొచ్చాక మార్చుకుంటాం. అత్తకి వచ్చిన వచనం కోడలి బైబిల్లో, కోడలికి వచ్చింది అత్త బైబిల్లో ఉంటుంది, ఏడాదంతా ఎదుటి మనిషి వాగ్దానం నెరవేరాలని మనం ప్రార్థన చెయ్యాలి. ఒకరి కోసం రోజూ ప్రార్థన చేస్తూ ఆ మనిషిని ద్వేషించడం ఎంత కష్టమో చేసి చూస్తే తెలుస్తుంది.

రెండోది గుడ్ ఫ్రైడే, సిలువ మీద పలికిన ఏడు మాటల్లో మూడోది. అంత నొప్పిలో యేసు తల్లిని చూసి అమ్మా ఇదిగో నీ కుమారుడు అని, శిష్యుడితో ఇదిగో నీ తల్లి అని చెప్పాడు, ఆ గడియ నుంచి ఆ శిష్యుడు ఆమెని తన ఇంట చేర్చుకున్నాడు అని యోహాను 19లో ఉంది. కడుపున పుట్టని కొడుకు, కనని తల్లి. ఒక సంవత్సరం ఆ ప్రసంగం జరుగుతుంటే మా అత్తయ్య పక్క నుంచి నా చెయ్యి మీద చెయ్యి వేశారు, ఏమీ అనలేదు, ఏడో మాట అయ్యేదాకా తియ్యలేదు. మీ ఇంట్లో ఈ ఇద్దరి మధ్యా ఎంత దూరమున్నా ఆ మూడు గంటలు మాత్రం పక్కపక్కన కూర్చోండి.

అమెరికాలో కోడలుంటే ఇవన్నీ కుదరవంటారు, కొంత కుదురుతుంది. మా చెల్లి కోడలు డాలస్‌లో ఉంటుంది. మనకి ఆదివారం పొద్దున ఏడంటే వాళ్లకి ఎండాకాలంలో శనివారం రాత్రి ఎనిమిదిన్నర, చలికాలంలో ఏడున్నర. ఆ టైముకి వీడియో కాల్‌లో పది నిమిషాలు, ఒక కీర్తన, రెండు విన్నపాలు, అంతే. అబ్బాయి లేకపోయినా అత్తాకోడళ్లిద్దరే చేసుకుంటారు, అది ముఖ్యం.

భరించడం వేరు

ఒక మాట గట్టిగా చెప్పాలి. పైన రాసినవన్నీ మామూలు ఇళ్లలో మామూలు కోపాల గురించి. కట్నం తెమ్మని హింసించినా, చెయ్యి చేసుకున్నా, తిండి పెట్టకపోయినా, ఫోను లాక్కుని గదిలో పెట్టినా అది సిలువ మోయడం కాదు, ప్రార్థన చేసుకుని సర్దుకో అని చెప్పేవాళ్లు పాస్టరైనా సరే వినొద్దు. కట్నం అడగడం 1961 నుంచీ నేరం, గృహహింస నుంచి రక్షణకి 2005 చట్టం ఉంది, మహిళా హెల్ప్‌లైన్ 181. అటు ముసలి అత్తగారిని సరిగ్గా చూడకపోయినా, కొట్టినా పెద్దవాళ్ల కోసం 14567 ఉంది. ముందు ప్రాణం కాపాడుకోండి. మీ అమ్మానాన్నలకి చెప్పండి, దాచొద్దు.

ఒక్కరే మొదలుపెట్టాల్సి వస్తే

చాలామంది అడిగేది ఇదే, నేను చేస్తా అక్కా, ఆవిడ రారు కదా అని. మా ఇంట్లోనూ అదే అయింది. బాప్తిస్మం గొడవకి రెండేళ్ల ముందు, మామయ్యగారు పోయాక అత్తయ్య చాప మీదికి రావడం మానేశారు, తన గదిలో తనే ప్రార్థన చేసుకునేవారు. పిలిస్తే నాకు నడుం నొప్పి అనేవారు. అంతకుముందు పాస్టరమ్మగారన్న మాట గుర్తుపెట్టుకుని నేను రోజూ ఎనిమిదింటికి వరండాలో, ఆవిడ గది కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, పైకి చదవడం మొదలుపెట్టా. పిలవలేదు, మాట వేరే అర్థం వచ్చేలా నొక్కి చదవలేదు, ఆవిడ గురించి ప్రార్థనలో ఎత్తలేదు. పక్కన ఒక ఖాళీ కుర్చీ, దాని మీద ఆవిడ కళ్లజోడు పెట్టేదాన్ని. రూతు నాలుగు అధ్యాయాలు అయిపోయాయి, కీర్తనలు మొదలుపెట్టా, అవీ సగానికొచ్చాయి. లోపల లైటు ఎనిమిదింటికి ఆరిపోయేది, కానీ మంచం కిర్రుమనేది కాదు, మెలకువగానే ఉన్నారని తెలిసేది.

ఒకరోజు పెద్దాడు కడుపులో ఉన్నప్పుడు ఆయాసంగా ఉండి కీర్తన మధ్యలో ఆపేసి పుస్తకం మూశా. కిటికీ లోపల నుంచి అత్తయ్య గొంతు వినపడింది, "ఆ కీర్తన ఇంకా అవలేదు కదమ్మాయ్" అని. తలుపు తీసుకుని వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, ఆ ఖాళీ కుర్చీలో కూర్చుని, నా చేతిలోంచి పుస్తకం తీసుకుని మిగిలిన నాలుగు వచనాలూ ఆవిడే చదివారు.